లైమన్ స్కాట్లండ్‌లో, నేను అతని కోటులో

నా భర్త లైమన్ హాడ్లాక్‌ను రెండేళ్ళపాటు స్కాట్లండ్ వెళ్ళి సువార్త చెప్పి రమ్మని చర్చి పెద్దలనుంచి పిలుపు వచ్చిన ఆదివారం, ఎవరూ అడగకుండానే నేను సభలో లేచి నిలబడ్డాను. గొడవంతా అక్కడే మొదలైంది.

అది 1883 సెప్టెంబరు. బేర్ నది ఎగువన మా ఊరు కట్టి అప్పటికి పన్నెండేళ్ళు. ముప్ఫై నలభై గడపలు, చుట్టూ మంచు కొండలు. పిలుపు వస్తే మగవాడు వెళ్ళాల్సిందే. జీతం లేదు, బత్తెం లేదు. వెళ్ళినవాడి ఇంటిని ఊరు చూసుకునేది. కట్టెలు కొట్టిపెట్టేది, పొలం దున్నిపెట్టేది. ఇది ఎవరూ కాగితం మీద రాసుకున్నది కాదు, అయినా తప్పేవారు కాదు. అటువంటి మంచి పద్ధతిని నా మట్టుకు నేనే, నా నోటితోనే తెంచుకున్నాను.

ఆ రోజు నా ముందు బల్ల మీద డ్రుసిల్లా పెక్ కూర్చుని ఉంది. ఆమె భర్త అంతకు ముందు ఏడాదే సువార్తకు వెళ్ళాడు. వెళ్ళిన రోజు నుంచి ఆమె ఏడుస్తూనే ఉంది. బావి దగ్గర ఏడ్చేది, కీర్తన మధ్యలో ఏడ్చేది, వెన్న చిలుకుతూ ఏడ్చేది. ఊళ్ళో మగవాళ్ళు ఆమె దొడ్లో కట్టెలు గడ్డివామంత ఎత్తున పేర్చారు. నేను ఇంట్లో ఆమెను అనుకరించి లైమన్‌ను నవ్వించేదాన్ని. అలాంటిది, నా వంతు వచ్చేసరికి ఆమెలా కనిపిస్తే ఇంకేముంది?

అందుకని లేచి, గొంతు సవరించుకుని ప్రకటించాను. "లైమన్ నిశ్చింతగా దేవుడి పని మీద వెళ్ళొచ్చు. ఇంటినీ పిల్లల్నీ పొలాన్నీ నేను చూసుకుంటాను. మాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. ఒక్క గొడ్డలి కూడా మా గుమ్మంలోకి రానక్కర్లేదు."

ఊరంతా "ఆమెన్" అంది.

"అంత మాట అవసరమా, థర్జా?" అన్నాడు లైమన్ నెమ్మదిగా.

"నువ్వు ఊరుకో," అన్నాను.

అప్పటికి నాకు ఇద్దరు ఆడపిల్లలు. పర్మీలియాకు ఎనిమిదేళ్ళు, జైనాకు అయిదు. మూడోది కడుపులో ఉంది. అక్టోబరు మొదటివారంలో లైమన్ బండెక్కాడు. నేను ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అది ఊరంతా చూడాలని వంతెన దాకా వెళ్ళి మరీ రాల్చలేదు.

అతను కొట్టిపెట్టిన కట్టెలు నవంబరు నెలాఖరుకు అయిపోయాయి. దొడ్లో కొట్టని దుంగలు చాలానే ఉన్నాయి. గొడ్డలి ఎత్తి మొదటి దెబ్బ వేశాను. గొడ్డలి దుంగలో దిగింది, దిగి అక్కడే ఉండిపోయింది. నేనూ పర్మీలియా చెరోవైపు నిలబడి లాగాం. జైనా మా ఇద్దరికోసం ప్రార్థన చేసింది. గొడ్డలి ఊడలేదు, పిడి ఊడింది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. దుంగను కొట్టడం ఎందుకు? ఒక చివర గోడపొయ్యిలో పెట్టి, కాలినకొద్దీ ముందుకు తోస్తే పోలేదా? ముగ్గురం కలిసి ఒక దుంగను లోపలికి దొర్లించుకొచ్చాం. తల పొయ్యిలో, నడుం గది మధ్యలో, కాళ్ళు గుమ్మం అవతల. తలుపు మూతపడదు కాబట్టి సందులో దుప్పటి వేలాడదీశాను. పొయ్యి ఇచ్చిన వెచ్చదనం గుమ్మంలోంచే బయటికి పోయేది. మా ఇంట్లో ఏ మూలకు వెళ్ళాలన్నా దుంగ దాటాలి. జైనాకు అది గుర్రం అయింది.

ఊళ్ళో పురుళ్ళు పోసే ముసలామె మారెన్ ఒకరోజు నన్ను చూడటానికి వచ్చింది. డెన్మార్కు నుంచి వచ్చిన మనిషి, నోటికి కళ్ళెం లేదు. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, ఓడ గానీ కడుతున్నావా? జలప్రళయం వస్తోందని నాకు చెప్పలేదేం?"

"కట్టెలు ఆదా చేస్తున్నాను," అన్నాను.

"బుర్ర కూడా ఆదా చేస్తున్నట్టున్నావు," అని లంగా ఎత్తిపట్టుకుని దుంగ దాటింది.

ఇక డిసెంబరులో ఈనిన ఆవు సంగతి. దాని పేరు దెలీలా. బైబిల్లో మొగుణ్ణి నమ్మించి శత్రువులకు పట్టిచ్చిన ఆడదాని పేరు, అది విని అయినా నేను జాగ్రత్తపడవలసింది. లైమన్ తప్ప ఎవరు దగ్గరికెళ్ళినా తన్నేది. లైమన్ పొదుగు కింద కూర్చుని, ముక్కుతో ఒక కీర్తన పాడుకుంటూ పితికేవాడు. నేను కూర్చుంటే బకెట్టు ఒకవైపు, నేనొకవైపు. వారం రోజులు పిల్లలు పాలు లేకుండా ఉడికించిన గోధుమలు తిన్నారు.

"అమ్మా, నాన్న కోటు వేసుకో. అది మనిషిని చూడదు, కోటును చూస్తుంది," అంది పర్మీలియా.

ఎనిమిదేళ్ళ పిల్ల ముప్ఫై ఏళ్ళ తల్లికి చెప్పిన మాట అది. కోటు వేసుకున్నాను. దెలీలా ఇంకా అనుమానంగానే చూసింది. టోపీ పెట్టుకున్నాను. చివరికి ప్యాంటు కూడా తొడుక్కున్నాను. పొట్ట ముందుకొచ్చింది కదా, గుండీలు పడక తాడుతో బిగించాను. గొంతు బొంగురు చేసి ఆ కీర్తన ముక్కుతో పాడాను. ఆవు నిట్టూర్చి పాలిచ్చింది. ఆ రోజు నా అంత తెలివైనది ఈ లోయలో లేదనుకున్నాను.

అయిదో రోజు సాయంత్రం చీకటి పడుతుండగా పాలు పితుకుతున్నాను. వెనక బూట్ల చప్పుడైంది. మా ఊరి చర్చికి పెద్ద, బిషప్ విట్‌బెక్ గారి గొంతు, సమాధి దగ్గర మాట్లాడే గొంతు, వినిపించింది.

"లైమన్, లేచి బయటికి రా నాయనా. నిన్న డ్రుసిల్లా కంచె అవతలనుంచి నిన్ను చూసింది. సిగ్గుపడకు. ఇంటిమీద బెంగతో సగంలో తిరిగొచ్చినవాళ్ళు నీకు ముందూ ఉన్నారు."

నా చేతులు ఆగిపోయాయి. సువార్తకు వెళ్ళినవాడు గడువు తీరకుండా తిరిగిరావడమంటే మా ఊళ్ళో ఎంత తలవంపులో చెప్పలేను. నేను ఊరుకుంటే లైమన్ పరువు పోతుంది, నోరు విప్పితే నా పరువు పోతుంది. ఒక నిమిషం ఆలోచించాను. ఆ నిమిషం ఆలోచించవలసి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నేనండీ, బిషప్ గారూ," అన్నాను లేచి.

ఆయన చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. ఆడమనిషి ఎదురుపడితే టోపీ తీయాలి. ఆ ఆడమనిషి ప్యాంటులో ఉంటే తీయాలో వద్దో ఆయనకు ఎవరూ చెప్పినట్టులేదు. టోపీ సగం లేచి అక్కడే ఆగింది. నా మొహం చూశాడు, తాడు చూశాడు, పొట్ట చూశాడు.

"సిస్టర్ హాడ్లాక్, మీకేమైనా కావాలా?"

తలుపు బార్లా తెరిచి రమ్మన్నట్టే. ఒక్కమాట చెబితే చాలు.

"ఏమీ వద్దండీ. దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం," అన్నాను.

దెలీలా అప్పుడు తన్నింది. పాలన్నీ ఆయన బూట్ల మీదుగా పారాయి. ఆయన బూట్లు చూసుకుని, "ఆఁ, కనిపిస్తూనే ఉంది," అని వెళ్ళిపోయాడు. వెళుతూ ఆయన భుజాలు అలా ఊగడం చలివల్లనే అనుకున్నాను.

ఆ వారం లైమన్‌కు రాసిన ఉత్తరంలో "ఆవు బాగా ఇస్తోంది. బిషప్ గారు పలకరించి వెళ్ళారు" అని రాశాను. రెండూ అబద్ధాలు కావు.

ఫిబ్రవరి వచ్చింది. మంచు కిటికీ దాకా లేచింది. ఒకరోజు మధ్యాహ్నం నేను దొడ్లోంచి మంచు తవ్వి కుండలో నింపుతున్నాను. లోపలినుంచి పర్మీలియా కేక వినిపించింది. పరిగెత్తాను. జైనా దుంగ మీద గుర్రం ఆడుతుంటే దుంగ పక్కకు దొర్లింది, నిప్పులు పొయ్యిలోంచి కింద పడ్డాయి. పిల్ల గౌను అంచు అంటుకుంది. చేతికి అందినది మజ్జిగ కుండ ఒక్కటే. మొత్తం దాని మీద కుమ్మరించాను. మంట ఆరింది. పిక్క మీద అరచేతి మేర బొబ్బలెక్కింది. పిల్ల ఏడవలేదు, నా మొహం చూసి భయపడి నోరు మూసుకుంది. అది చూసి ఇక ఆగలేకపోయాను. దుంగ మీద కూలబడి, పిల్లను ఒళ్ళో వేసుకుని, నాలుగు నెలలు దాచుకున్నదంతా ఏడ్చాను.

పొగ చూసి మంచులో పడుతూ లేస్తూ మొదట వచ్చింది ఎవరనుకున్నారు? డ్రుసిల్లా పెక్. వస్తూనే పిల్ల కాలికి బాతుకొవ్వు రాసి గుడ్డ కట్టింది. తర్వాత గదంతా ఒకసారి చూసి, దుంగ రెండో చివర నా ఎదురుగా కూర్చుంది.

"నా మీద కోపంగా ఉందా, సిస్టర్ పెక్?" అన్నాను, ఏం అనాలో తెలియక.

"మీరు నన్ను అనుకరిస్తారని నాకు తెలుసు. మీ పర్మీలియా మా పిల్లల ముందు చేసి చూపించింది. బాగా చేసింది," అంది. ఆ తర్వాత మర్యాద వదిలేసింది. "నేను ఏడ్చానే, నిజమే. ఏడిస్తే కట్టెలొచ్చాయి. నువ్వు ఏడవలేదు, చెట్టు ఇంట్లోకొచ్చింది. ఇద్దర్లో తెలివితక్కువది ఎవరో నువ్వే చెప్పు."

నేను మా ఇద్దరి మధ్య ఉన్న దుంగను చూశాను. చెప్పనక్కర్లేదు.

"గురువారం ఉపవాస సభలో లేచి అడుగు. 'నాకు సాయం కావాలి.' మూడే మాటలు. ఇప్పుడొకసారి అను."

"నాకు సా..." అన్నాను. వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

"మళ్ళీ అను."

ఆ మధ్యాహ్నం మూడు మాటలు నేర్చుకోవడానికి నాకు గంట పట్టింది. జైనా పక్కనుంచి అందిస్తూనే ఉంది.

నెలనెలా మొదటి గురువారం జరిగే ఆ సభలో లేచాను. అన్ని కళ్ళూ నా మీదికి తిరిగాయి. దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను, స్కాట్లండ్ ప్రజల కోసం ప్రార్థించాను, వాతావరణం గురించి నాలుగు మాటలు చెప్పాను. డ్రుసిల్లా వెనకనుంచి నా లంగా పట్టుకుని గుంజింది.

"నాకు సాయం కావాలి," అన్నాను. చర్చిలో కాదు, పశువులకొట్టంలో అరిచినంత గట్టిగా వచ్చింది.

బిషప్ గారు మగవాళ్ళ వైపు తిరిగి, "విన్నారుగా? ఇక లేవండి," అన్నారు. అరనిమిషంలో పన్నెండు మంది మగవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అయ్యో, ఇంతమంది ఇన్నాళ్ళూ..." అన్నాను.

"సిస్టర్, అక్టోబరునుంచి గొడ్డళ్ళు సానపెట్టుకుని కూర్చున్నాం," అన్నారు బిషప్ గారు. "లైమనే చెప్పి వెళ్ళాడు. 'తను అడిగేదాకా వెళ్ళకండి, వెళితే గరిటెతో తరుముతుంది. అడిగినప్పుడు మాత్రం నవ్వకండి' అన్నాడు. మేం నవ్వలేదు. కొట్టంలో ఆ రోజు నవ్వు ఆపుకోవడానికి నా ప్రాణం పోయింది, అది వేరే సంగతి."

శనివారం సాయంత్రానికి మా దొడ్లో కట్టెలు గడ్డివామంత లేచాయి. నేనేమో కృతజ్ఞతతో కరిగిపోవలసింది పోయి, లైమన్‌కు ఆరు పేజీల ఉత్తరం రాశాను. నా గురించి ఊరందరికీ అలా చెప్పి వెళ్ళే హక్కు నీకెవరిచ్చారని నిలదీశాను. అది అతనికి చేరి, జవాబు నాకు చేరేసరికి రెండు నెలలు దాటాయి. అప్పటికి నా కోపం దేనిమీదో నాకే గుర్తులేదు. జవాబులో ఒకటే వాక్యం రెండుసార్లు రాశాడు: "నేను చెప్పినదాంట్లో తప్పేది?"

ఏప్రిల్లో మగవాళ్ళు వంతులవారీగా మా పొలం దున్నారు. ఆ నెలలోనే మారెన్ చేతుల మీదుగా మూడో ఆడపిల్ల పుట్టింది. లొవీనా అని పేరు పెట్టాం. డ్రుసిల్లా వారం రోజులు మా ఇంట్లోనే ఉండి రొట్టెలు కాల్చింది, నాకు ఏడ్చే విద్యలో మిగతా పాఠాలు చెప్పింది. ఎప్పుడు ఏడవాలి, ఎవరి ముందు ఏడవాలి అన్నదానిలో చాలా కిటుకులున్నాయి. ఆమె భర్త తిరిగొచ్చిన రోజు నేను ఆమెకంటే ఎక్కువ ఏడ్చానని అందరూ అన్నారు.

లైమన్ 1885 నవంబరులో వచ్చాడు. వస్తున్నానన్న ఉత్తరం వెనకబడి, మనిషే ముందొచ్చాడు. సన్నబడ్డాడు, గడ్డం పెంచాడు, మాటల్లో స్కాట్లండ్ యాస దొర్లింది. రెండేళ్ళలో ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చాడట. వాళ్ళలో ఒకామె చెవిటిదనీ, తను చెప్పింది ఎంత విన్నదో దేవుడికే తెలుసనీ అతనే చెప్పి నవ్వాడు. అలా నవ్వేవాడినే నేను పెళ్ళి చేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

లొవీనాకు అప్పటికి ఏడాదిన్నర దాటింది. మా ఇంటికి వచ్చే మగవాళ్ళందర్నీ బ్రదర్ అనడం విని పెరిగిన పిల్ల. గడ్డం మనిషి కిందికి వంగి చేతులు చాచేసరికి నా లంగా వెనక దూరి, అక్కడినుంచి తల బయటపెట్టింది.

"బ్రదర్, కుర్చో," అంది.

మొత్తం మూడు వారాలు అతను ఆ పిల్లకు బ్రదర్‌గానే ఉన్నాడు. అతను మాత్రం, "అలాగే సిస్టర్," అని ఓపిగ్గా జవాబిచ్చేవాడు.

వచ్చిన రోజు సాయంత్రం భోజనానికి కూర్చున్నాం. పర్మీలియా బంగాళాదుంపలు వడ్డించింది. నేను ప్రార్థన చేశాను, రొట్టె కోశాను, పిల్లలకు పంచాను, జైనాను మోచేతులు బల్ల మీదనుంచి తీయమన్నాను. లైమన్ పిల్లల పక్కన బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని తిన్నాడు.

గిన్నెలు తీస్తున్నప్పుడుగానీ నాకు తట్టలేదు, బల్ల తలవైపున్న అతని కుర్చీలో నేను కూర్చున్నానని.

"అయ్యో, చెప్పొచ్చుగా!" అన్నాను.

"చెబుదామనుకున్నాను. నీ చేతిలో రొట్టె కోసే కత్తి ఉంది," అన్నాడు.

మర్నాడు అతని కుర్చీ అతనికి ఇచ్చేశాను. ఇచ్చానని నాలుగుసార్లు గుర్తు కూడా చేశాను.