బోండాలు తిన్న చేతులు

కుప్పంలో మా బ్యూటీ పార్లర్ కింద సాయంత్రం నాలుగయ్యేసరికి బోండాల బాణలి పొయ్యి మీదికెక్కుతుంది. ఆ కాగిన నూనె వాసన మెట్లెక్కి పైకి రాగానే నా కాళ్లు వాటంతటవే కొళాయి దగ్గరికి పోతాయి. చేతులకు ఏమీ అంటకపోయినా సబ్బు పెట్టి మరీ రుద్దుకుంటాను. కుర్చీలో కూర్చున్నావిడ నన్ను వింతగా చూస్తుంది. ఆమెకేం తెలుసు, ఇదంతా మా రత్నమ్మక్క చలవ అని!

తొంభైల చివర్లో ఇంటర్ తప్పి, పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు పోయి, రత్నమ్మక్క పార్లర్‌లో పని నేర్చుకునేదాన్ని. ఒకటే గది, రెండు కుర్చీలు. ఎవరొచ్చినా అక్క ముందు ఉత్త నీళ్లతో ముఖం కడిగించేది. ఏమీ పూయకుండా గంట కూర్చోబెట్టి, పల్చటి కాగితాన్ని నుదుటికీ ముక్కుకూ చెంపలకూ అద్ది వెలుగుకు పట్టి చూసేది. అంతటా నూనె మరకలుంటే జిడ్డు చర్మం. మరకే లేక ముఖం బిగదీసినట్టుంటే పొడి చర్మం. నుదురూ ముక్కూ మాత్రమే మెరిస్తే రెండూ కలిసినది. “అద్దం మనకు నచ్చినట్ల సెప్తాది. కాగితం ఉండేది సెప్తాది” అనేది. ఎవరైనా తెల్లగా చెయ్యమని అడిగారో, అయిపోయారే! “తెల్లగా కావాలంటే గోడకు సున్నం కొట్టించుకో తల్లీ. ఈడ ఉండే తోలును బాగా సూసుకునేదే నేర్పిస్తాం” అని మొహం మీదే అనేసేది.

ఒక మంగళవారం అక్క వాయల్పాడు పోయింది. పార్లర్ మొదటిసారి నా చేతికొచ్చింది. అదే రోజు మా పుంగనూరు పిల్ల వసంత వచ్చింది. ఆదివారం ఆమె పెళ్లి. ముఖం కడిగించి కూర్చోబెట్టాను. ఆ గంటసేపు ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు, ఏం చేయను? ఎదురంగడి నుంచి వేడి వేడి బోండాలు తెప్పించుకుని తిన్నాను. చేతులు చున్నీకి తుడుచుకుని కాగితం అద్దాను. అబ్బో, కాగితమంతా నూనె! “నీది ఒట్టి జిడ్డు తోలు వసంతా” అని డాక్టరమ్మలా తేల్చేశాను. ముల్తానీ మట్టిలో నిమ్మరసం కలిపి పట్టించి, ఇంట్లో కూడా రెండు పూటలా వేసుకోమన్నాను.

గురువారం పొద్దున్నే వాళ్లమ్మ వసంతను లాక్కొచ్చింది. పిల్ల ముఖం ఎర్రగా కంది, చెంపల మీద పొట్టు లేస్తోంది. “మూడు దినాల్లో పెండ్లి! ఈ మొగంతో పీటల మీద యాడ కూసోబెట్టేది?” అని ఆమె ఒకటే ఏడుపు. నా పని ఎటూ ఊడుతుంది, అక్క పేరు కూడా పోతుందే అని భయపడ్డాను.

అక్క కొత్త కాగితం తీసి, గడ్డం దగ్గర బాగున్న చోట మెల్లగా అద్ది చూసింది. ఒక్క మరక లేదు. నన్ను పక్కకు పిలిచింది.

“కాగితం పెట్టకముందు ఏం తింటివే?”

“బోండాలక్కా.”

“ఎన్ని?”

“మూడు...”

“సేతులు?”

“చున్నీకి తుడుసుకుంటినక్కా.”

నా చున్నీ వైపు ఒకసారి చూసింది. తర్వాత వాళ్లమ్మ దగ్గరికి పోయి, “తప్పు మాదేనమ్మా. నీ బిడ్డది పొడి తోలు, మేం జిడ్డనుకుంటిమి. రేపటికి తగ్గకుంటే డాక్టరు దగ్గరికి నేనే పిల్సుకోని పోతా” అంది. ‘మేం’ అంది, చూడండి. నా వైపు వేలు కూడా చూపలేదు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది.

సబ్బు, మట్టి, నిమ్మకాయ అన్నీ బంద్ చేయించింది. వేన్నీళ్లు వద్దంది. కొబ్బరినూనె ముందు చెవి వెనక రాసి చూసి, మంట లేదన్నాకే తడి ముఖానికి పల్చగా పూసింది. మూడు రోజులూ వసంతను చూడ్డానికి నాతో పుంగనూరు బస్సెక్కింది. దారంతా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది!

ఆదివారానికి వసంత ముఖం తేటపడింది. పెళ్లి భోజనాల్లో, నా ఖర్మ, బోండాలు వడ్డించారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అక్క తన ఆకులోది కూడా తీసి నా ఆకులో వేసింది. “తినమ్మే. ఈ పొద్దు ఎవురి మొగమూ ముట్టుకునే పన్లేదులే” అంది. ఏడుస్తూ నవ్వుతూ తిన్నాను.

ఇప్పుడు అక్క లేదు. ఆ కొళాయి అలవాటు మాత్రం ఇంటిదాకా వచ్చింది. మా ఆయన మీద అరవబోయే ముందు నేను పోయి చేతులు కడుక్కుంటాను. సగం సార్లు తప్పు నాదేనని అక్కడే తెలిసిపోతుంది. మిగతా సగం సార్లు చేతులు తుడుచుకుని మరీ అరవడానికి వస్తాను. పాపం, కొళాయి చప్పుడు వినబడగానే ఆయన చొక్కా వేసుకుని బజారుకు బయల్దేరతాడు.