ఎరుపు కట్టిన చోట తెలుపు

ఓర్లీనా ట్రెంథమ్ ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు. ఇరవయ్యారు ఆగస్టులు ఆ వీపు వెనకాలే నడిచాను. డాగ్‌వుడ్ అనే పూలచెట్టుకు అంటు కట్టడం మా టెన్నెసీ కొండల్లో ఇద్దరు మనుషుల పని. ముందు మనిషి వంగి, వేలెడు లావు అడవి మొక్క మొదట్లో బెరడు చీల్చి, మంచి రకం చెట్టు నుంచి తీసిన కన్ను అందులో దూరుస్తుంది. వెనకాల మనిషి దానికి రబ్బరు పట్టీ చుట్టి ముడేస్తుంది. ముందు మనిషి ఓర్లీనా. వెనకాల మనిషి నేను, మోజెల్‌ని. రోజుకు రెండు వేల మొక్కలు. సాయంత్రానికి నడుములు పడిపోయేవి, నోళ్ళు మాత్రం పడేవి కావు.

నర్సరీల వాళ్ళకు కట్టింది కట్టగా, ఓర్లీనా ఇంటి వెనక తనకంటూ రెండొందల మొక్కలు పెంచుకునేది. ఏప్రిల్ శనివారాల్లో వాటిని అమ్మేది. అమ్మకమంటే మామూలు అమ్మకం కాదు, పెళ్ళిచూపులు. కొనడానికి వచ్చినవాడు చెట్టును చూడక ముందే ఈమె వాణ్ణి ఎగాదిగా చూసేది.

“ఎక్కడ నాటతావు?”

“ముందు వాకిట్లో.”

“వాకిలి ఎటు?”

“పడమటికి.”

“ఏడ్చినట్టుంది. మధ్యాహ్నం ఎండంతా దాని నెత్తినే. జూలైకల్లా ఆకులు అంచులెమ్మట మాడి చుట్టుకుపోతాయి. కౌసా రకం పట్టుకుపో. అది ఎండకి ఓర్చుకుంటుంది, తెగుళ్ళూ తక్కువ.”

“అది మే నెలాఖరుకి గానీ పూయదటగా! మా ఆవిడకి ఈస్టర్‌కి పువ్వు కనపడాలి.”

“అయితే చెట్టు కాదు నాయనా, ఇల్లు మార్చుకో.”

వాడు నవ్వుతూ కౌసానే పట్టుకుపోయాడు. ఆమె దగ్గర ఎవరైనా అంతే. ఇల్లు చెప్తే చెట్టు చెప్పేది. మన అడవి తెల్లదానికి పెద్ద చెట్ల పక్కన పొద్దుటెండ చాలు, కానీ చెమ్మ పట్టే మూలలో నాటితే ఆకుమచ్చ తెగులు తినేస్తుంది. పూతకు ఆగలేని వాళ్ళకు క్లౌడ్ నైన్, అది మోకాలెత్తు లేకుండానే పూస్తానంటుంది. గులాబీ రంగుది పట్నం వాళ్ళ మోజు, రెండు వానలు పడితే వెలిసిన చీటీగుడ్డలా ఉంటుంది. ఎరుపు కావాలంటే చెరకీ చీఫ్. పువ్వు కాస్త చిన్నదే, ఎదుగుదల నెమ్మదే, కానీ ఆ ఎరుపు ఎరుపే. పిట్టల కోసమైతే మళ్ళీ మన తెల్లదే, అక్టోబరులో దాని ఎర్ర పళ్ళ కోసం రాబిన్‌లు కొట్టుకు చస్తాయి. ఇవన్నీ నేను ఒక్క గుక్కలో చెప్పాను గానీ, ఆమె ఒక్కో మనిషికి గంట చెప్పేది. చెప్పిన మాట తప్పయిందని వెనక్కి వచ్చినవాడు ఒక్కడు లేడు. ఆమెకున్న ఆస్తి అదే.

హెస్టర్ ప్రాఫిట్ పెద్దమ్మ మాత్రం మూడు శనివారాలు వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బైతొమ్మిదేళ్ళు. ప్రతి కుండీ దగ్గరా నిలబడి, ప్రతి రకం గురించీ అడిగి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేది. మూడో శనివారం తేల్చింది.

“మా ఇల్లు తెలుపు, కంచె తెలుపు, నా నెత్తి తెలుపు. ఇంకా చెట్టు కూడా తెలుపేనా పిల్లా? ఎర్రది ఇయ్యి. వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టుకుంటా. ఎన్నేళ్ళకి పూస్తుంది?”

“నాలుగేళ్ళు పడుతుంది పెద్దమ్మా.”

“సరే, అప్పటిదాకా ఉంచమని పైవాడితో మాట్లాడుకుంటాలే.”

పైవాడు మాట నిలబెట్టుకున్నాడు. నాలుగో ఏప్రిల్లో పెద్దమ్మ ఫోన్ చేసి, “ఓర్లీనా, నీ ఎరుపు పూసింది, ఒకసారి వచ్చి చూసిపో” అంది. ఆ గొంతులో సంతోషం లేదు. ఇద్దరం నా ట్రక్కులో వెళ్ళాం.

చెట్టు నిండా పువ్వులు. పాల తెలుపు. తెల్ల ఇల్లు, తెల్ల కంచె, వాటి ముందు అసలు చెట్టున్నట్టే లేదు. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

“తిట్టడానికి పిలవలేదమ్మా. నాలుగేళ్ళూ అంట్లు తోముకుంటూ ఆ కిటికీలోంచి చూశాను. ఇంకో చెట్టు పెట్టి ఇంకో నాలుగేళ్ళు చూసే ఓపిక నాకుందో లేదో, అది చెప్పు చాలు.”

ఓర్లీనా చెట్టు చుట్టూ తిరిగి చూసింది. నాకు మాత్రం నోరు ఊరుకోదు కదా. “అక్కా, ఏ మగ జింకో కొమ్ములు రుద్ది పైమొక్కను చంపేసుంటుంది. కింద నుంచి అడవి మొక్క లేచి తెలుపు పూసింది. ఎన్ని చోట్ల చూడలేదు మనం!” అన్నాను. ఆ మాట నిజమైతే తప్పు ఎవరిదీ కాదు.

ఓర్లీనా మోకాళ్ళ మీద కూర్చుని, చెట్టు మొదట్లో ఆకుచెత్త తీసేసి బొటనవేలితో తడిమింది. అంటు కట్టిన చోట కాండం కొంచెం మోచేయిలా వంగుతుంది. ఆ వంపు చెక్కు చెదరకుండా ఉంది. చెట్టంతా దాని మీద నుంచే లేచింది. జింకా లేదు, గింకా లేదు.

“ఇది నేను పెట్టిన కన్నే పెద్దమ్మా. ఎరుపని చెప్పి తెలుపు పెట్టాను. తప్పు నాదే” అంది.

జింక మీదకు నెట్టేస్తే పోయేది. పెద్దమ్మ నమ్మేది కూడా. అది ఓర్లీనా వల్ల కాదు.

ఇంటికొచ్చాక అంటు కట్టే కత్తిని గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో అడుక్కి తోసేసింది. “నా కళ్ళు పోయాయే మోజెల్. ఆరేళ్ళ కిందటే పోయాయన్నమాట, నాకు తెలియలేదు. ఇంకెంత మంది పెరట్లో ఏం పెట్టానో” అంది. ఆమె అరవైతొమ్మిదో ఏట ఉంది. ఆ రోజు నుంచి ఉప్పో పంచదారో అని రెండుసార్లు నాకి చూసేది, చర్చిలో పాటల పుస్తకం మూసి పెట్టేది. శనివారాలు మానేసింది. నర్సరీ వాళ్ళు ఆగస్టుకు మాట తీసుకోవడానికి వస్తే, “గుడ్డిదాని చేత కట్టించుకుంటారా?” అని పంపేసింది.

ఆమె కళ్ళకేం జబ్బు లేదు. జబ్బు నాది.

ఆరేళ్ళ కిందట ఆ పెరటి వరసలు కట్టేటప్పుడు అంటుకు కళ్ళు తీసే పుల్లల కట్టలు మోసింది నేను. ఎరుపు ఒక బకెట్లో, తెలుపు ఒక బకెట్లో, తడి గోనెలో చుట్టి. ఉరుము ఉరిమేసరికి పరుగెత్తాను. కాలు జారింది, రెండు బకెట్లూ బురదలో బోర్లా పడ్డాయి. కట్టలు విడిపోయాయి, చీటీలు కొట్టుకుపోయాయి. ఆమెకు చెప్తే మొత్తం పారబోసి మళ్ళీ కోసుకురమ్మంటుంది. వానలో, మైలు దూరం. గోదాముకి తెచ్చి బెరడు చూసి వేరు చేశాను. అన్నీ బాగానే పోల్చాను, రెండు పుల్లల దగ్గరే తెలియలేదు. ఎరుపులో పడేశాను. ఆమె నా చేతి నుంచి తీసుకుంటూ ఎప్పుడూ అనుమానపడేది కాదు, అందుకే చూసుకోలేదు.

పెద్దమ్మ ఇంటి దగ్గర చెప్పొచ్చు. ట్రక్కులో చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్తే ఓర్లీనా నన్ను వదిలేస్తుందని భయం. చెప్పకపోతే ఆమె తన చేతుల్నే వదిలేస్తోంది. ఏప్రిల్ పోయింది, మే పోయింది, నేను రోజూ మొక్కజొన్న రొట్టె చేసి పట్టుకెళ్ళేదాన్ని. తప్పు చేసినవాళ్ళ రొట్టెల్లో వెన్న ఎక్కువ ఉంటుంది.

ఆగస్టు మొదటి వారం, ఓర్లీనా వాళ్ళ వసారాలో చిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాం. దూరంగా ఎవరో పొలంలో వంగి అంట్లు కడుతున్నారు. ఆమె వాళ్ళనే చూస్తూ, “నా కుడిచెయ్యి నిద్దట్లో కూడా కోస్తోందే” అంది. ఇక నా వల్ల కాలేదు. బురద, బకెట్లు, రెండు పుల్లలు, అన్నీ కక్కేశాను.

ఆమె తుంచడం ఆపలేదు. గిన్నె సగం నిండింది. తర్వాత ఆ గిన్నె ఎత్తి చిక్కుళ్ళన్నీ నా నెత్తిన పోసింది.

“నాలుగు నెలలు! నాలుగు నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టావు కదే, నీ మొహం మండ! రెండు పుల్లలదేముంది, ఎవరికైనా జారుతుంది. నేను ఉప్పు నాకుతుంటే చూస్తూ కూర్చున్నావా?”

“నువ్వు మాట్లాడ్డం మానేస్తావని అక్కా.”

“మానేస్తాను. రేపటి నుంచి. ఇవాళ తిట్టాల్సింది చాలా ఉంది.”

చీకటి పడేదాకా తిట్టింది. నాకు ఏడుపూ వచ్చింది, ఆకలీ వేసింది. చివరికి ఇద్దరం నేల మీది చిక్కుళ్ళు ఏరి వండుకు తిన్నాం.

తెల్లారి ఆమె కత్తి నూరుకుని, చెరకీ చీఫ్ పుల్లలు కోసుకుని వచ్చి ట్రక్కెక్కింది. పెద్దమ్మ దగ్గర నన్ను ముందుకు తోసింది. చెప్పాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, “నువ్వటే! ఓర్లీనా చెయ్యి తప్పిందంటే నమ్మలేక నేను ఆ జింకకు రోజూ శాపనార్థాలు పెడుతున్నానే, పాపం” అంది.

కొత్త చెట్టుకైతే నాలుగేళ్ళు. పెద్ద చెట్టు లేత కొమ్మలకు కళ్ళు పెడితే అంత కాలం అక్కర్లేదు. కిటికీ వైపు కొమ్మలన్నిటికీ ఓర్లీనా ఎరుపు కళ్ళు పెట్టింది, నేను చుట్టాను. పైకొమ్మలు అందక వదిలేశాం. పిట్టలకు ఉండనివ్వమంది పెద్దమ్మ. ఆ వారంలోనే ఓర్లీనా మళ్ళీ కడుతుందని నర్సరీల వాళ్ళకూ కబురు వెళ్ళింది.

రెండో ఏప్రిల్లో ఏడు పువ్వులు పూశాయి. పెద్దమ్మ ప్రతి పొద్దూ లెక్కపెట్టి ఫోన్‌లో చెప్పేది. మూడో ఏప్రిల్లో కిటికీ వైపంతా ఎరుపు, పైనంతా తెలుపు. ఆమెకు అప్పుడు ఎనభైయారు. అంట్లు తోమడం అయిపోయినా కుళాయి దగ్గరే నిలబడి ఉండేది.

రోడ్డు మీద పోయే కార్లు అక్కడ ఆగడం మొదలైంది. శనివారం ఓర్లీనా పెరట్లో కుండీల మధ్య ఒక పట్నం ఆవిడ నిలబడి, క్లౌడ్ నైనూ వద్దు, కౌసా వద్దు, చీఫ్ వద్దు, ప్రాఫిట్ గారింట్లో ఉన్న ఆ రెండు రంగుల రకమే కావాలని పట్టుబట్టింది.

“ఆ రకం అమ్మకానికి లేదమ్మా” అంది ఓర్లీనా. “ఏళ్ళ తరబడి చూసే ముసలమ్మ కావాలి, చేతికింద మంచి కత్తి కావాలి, ఇదిగో, ఈ మోజెల్ లాంటి అబద్ధాలకోరు కావాలి. ముసలమ్మా, కత్తీ ఎక్కడైనా దొరుకుతాయి.”