మంచానికి అవతల కూర్చున్నది

మీరు నమ్మినా నమ్మకపోయినా సరే... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది లేదు. నా ఇద్దరు పిల్లల తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెప్తాను.

నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. ఆత్మకూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపు నాది. కాలిపోయిన బోరు మోటారు తెస్తారు. విప్పుతాను. ఎక్కడ పోయిందో వెతుకుతాను. దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా దొరకని రోజు లేదు. అలాంటి నాకు... కిందటి ఎండాకాలం, మా ఇంట్లోనే, మా నాయిన మంచం పక్కనే జరిగింది ఇది.

ముందు నాయిన సంగతి చెప్పాలి. డెబ్బై ఏళ్లుంటాయి. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. నాయిన నా దగ్గరే ఉంటాడు. ఊరి బయట రెండెకరాలు కౌలుకు తీసుకుని, వద్దన్నా వినకుండా పల్లి వేసేవాడు. ఆ ఏడు పల్లి పీకిన రోజు కూడా మూట భుజం మీద పెట్టుకుని ట్రాక్టరు దాకా మోశాడు. నేను కళ్లారా చూశాను.

వారం తిరక్కుండానే పళ్లెంలో అన్నం వదిలెయ్యడం మొదలుపెట్టాడు. అడిగితే "కడుపు నిండింది" అనేవాడు. తర్వాత పొద్దున్నే బస్టాండుకు పోయి చాయ్ తాగడం మానేశాడు. తర్వాత గొంతు తగ్గింది. పక్కన కూర్చుంటే తప్ప వినపడేది కాదు. ఒకరోజు గడప దాటబోయి కూలబడ్డాడు. అంతే... మళ్లీ లేవలేదు.

జ్వరం లేదు. షుగరు లేదు. బీపీ బాగానే ఉంది. వనపర్తి దవాఖానలో రక్తం, మూత్రం, స్కానింగు అన్నీ చేశారు. పాలమూరు పొమ్మన్నారు, పోయాం. హైదరాబాదులో మూడు రోజులున్నాం. అక్కడి డాక్టరు రిపోర్టులు తిరగేసి తిరగేసి, "అంతా నార్మలే... వయసు కదా" అన్నాడు. మొన్నటిదాకా మూటలు మోసిన మనిషికి వారంలో వయసు ఎట్లా వస్తుంది?

మా వాడకట్టులో ఒకాయన, నాయినకు ఎవరో చేతబడి చేశారన్నాడు. తాయెత్తు కట్టించాను. ఏ రోగమైనా సరే, పేరున్న రోగం ఒకటి బయటపడాలని దేవుడికి మొక్కుకున్నాను. కన్నతండ్రికి రోగం దొరకాలని మొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటానేమో.

చివరికి మాట కూడా పోయింది. కళ్లు తెరిచి చూసేవాడు, అంతే. చెంచాతో జావ పోస్తే సగం లోపలికి, సగం చెంప మీదికి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. పగలంతా నా భార్య సునీత చూసేది. రాత్రి నేను. నా వల్ల కావడం లేదని తెలిసి మా అక్క తెలకపల్లి నుంచి వచ్చింది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. నన్ను "తమ్మీ" అనకుండా ఒక్క మాట మాట్లాడదు.

రాత్రిని పంచుకున్నాం. రెండింటి దాకా నేను, తర్వాత అక్క.

ఆ రాత్రి గాలిదుమారం. పదకొండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగిపోతుంటే దాని బేరింగు చప్పుడు వినిపించింది... గిర్ర్... గిర్ర్... తర్వాత అదీ లేదు. ఫోను చార్జింగు అయిపోయి పక్కగదిలో ఉంది. ఆ గదిలోనే సునీత, పిల్లలు, అక్క పడుకున్నారు. లేచి కొవ్వొత్తి వెతికే ఓపిక కూడా లేదు నాకు. మంచం పక్కన చాప మీద, ఇవతలి గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాళ్లు చాపితే పాదాలు మంచం కోళ్లకు తగులుతున్నాయి. మంచానికి అవతల గోడ. గోడకూ మంచానికీ మధ్య ఒక ప్లాస్టిక్ స్టూలు పట్టేంత సందు. ఆ స్టూలు మీద నాయిన మందులు, నీళ్ల గ్లాసు.

గాలి కూడా ఆగిపోయింది. ఇక నాయిన ఊపిరి ఒక్కటే. ఒకసారి తీసుకుంటాడు... చాలాసేపు ఉండదు... మళ్లీ తీసుకుంటాడు. ఆ మధ్యలో నేను లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు... ఐదు... ఆరు. ఆరుకు ఊపిరి వచ్చేది. రోజూ అంతే.

నాకు కునుకు పట్టలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

అవతలి వైపు స్టూలు జరిగింది. సిమెంటు నేల మీద ప్లాస్టిక్ కాలు రాసుకున్న చప్పుడు. కర్ర్... చిన్నగా. ఎవరో కూర్చున్నారు. కూర్చుంటే స్టూలు కాస్త వంగుతుంది చూడండి, ఆ కిర్రు కూడా వినపడింది.

"పండుకోలేదా?"

గుసగుస. నాయిన లేస్తాడని గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టుంది. అక్కే అనుకున్నాను. ఇంకెవరనుకుంటాను?

"లేదక్కా. యాళ్ల ఎంతైంది?"

"ఇంక శాన ఉంది."

"మరి నువ్వెందుకు లేసినవ్?"

"ఎట్లుండు?"

"గట్లనే. పొద్దుగాల్నుంచి రెండు చెంచాల జావ కూడ పోలే."

"నువ్వు?"

నాకు అర్థం కాలేదు. "నేనేంది?" అన్నాను.

"నువ్వెట్లున్నవ్?"

మూడు నెలలయింది ఇదంతా మొదలై. వచ్చినవాళ్లందరూ నాయిన ఎట్లున్నాడని అడిగారు. నేనెట్లున్నానని అడిగింది లేదు ఎవరూ. చీకట్లో కదా, ఏడ్చినా కనపడదు.

"నాకు శాతనైత లేదక్కా," అన్నాను. "షాపుల కూసుంటే ఇల్లు యాదికొస్తది. ఇంటికొస్తే తలుపు తీయాల్నంటే భయమైతది. లోపట ఏం సూడాల్నో అని."

అవతలి నుంచి చాలా మెల్లగా...

"చాలనిపిస్తుందా?"

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. తెలియక అన్నానని చెప్పుకోలేను. నాయిన మొహం నాకు బారెడు దూరంలోనే ఉంది.

"చాలు," అన్నాను.

అన్నాక తెలిసింది... ఊపిరి వినపడటం లేదని.

లెక్కపెట్టాను. నాలుగు. ఐదు. ఆరు. ఆరుకు రాలేదు. ఏడు... ఎనిమిది... తొమ్మిది. చెయ్యి చాపి నాయిన ఛాతీ మీద పెడదామంటే చెయ్యి లేవలేదు. పది... పదకొండు. అవతల కూర్చున్నది కూడా కదలడం లేదు. నా మాట కోసం చూస్తున్నట్టు... లేక నాయిన కోసమో.

"ఉండనీ," అన్నాను. "ఉండనీ. నేను సూసుకుంట."

"సరే."

అంతే. స్టూలు మళ్లీ కిర్రుమంది. నాయిన ఒక పెద్ద ఊపిరి తీసుకున్నాడు... నీళ్లలో మునిగి తేలినవాడు తీసుకుంటాడే, అట్లా. ఆ తర్వాత ఎప్పుడు నిద్ర పట్టిందో గుర్తు లేదు.

మొహం మీద వెలుతురు పడి లేచాను. గుమ్మంలో అక్క, చేతిలో ఫోను లైటు.

"తమ్మీ, నన్నెందుకు లేపలే? నాలుగైంది గదా."

"ఇప్పుడే గదా వచ్చి పోయినవ్."

"నేనెక్కడొచ్చిన తమ్మీ. ఇప్పుడే లేసిన."

నిద్రమత్తులో అంటోంది అనుకున్నాను. ఆమె లైటు మంచం అవతలికి తిప్పింది. స్టూలు మీద ఏమీ లేదు. మందుల పట్టీలు, టానిక్ సీసా, నీళ్ల గ్లాసు... అన్నీ కింద, గోడ వారన, వరసగా పెట్టి ఉన్నాయి. గ్లాసులో నీళ్లు చుక్క కూడా తొణకలేదు. మంచం తలాపు గోడకు ఆనించి ఉంటుంది. ఆ సందులోకి పోవాలంటే నా కాళ్లు దాటుకుని, మంచం చుట్టూ తిరిగి పోవాలి. నా కాళ్లను ఎవరూ దాటలేదు.

అప్పుడు తట్టింది. ఆ గుసగుస నన్ను ఒక్కసారి కూడా "తమ్మీ" అనలేదు.

"నీళ్లు," అన్నది ఎవరో.

నాయిన. కళ్లు తెరిచి అక్క వైపు చూస్తున్నాడు. ఇరవై రోజుల తర్వాత మొదటి మాట అది.

తెల్లారాక సునీతను అడిగాను. ఆమె రాత్రి మాటలు విన్నది. "మీరు, వదినె మాట్లాడుకుంటుండ్రని పండుకున్న," అన్నది.

"రెండోది ఆడగొంతా, మగగొంతా?"

"గుసగుసల ఏం తెలుస్తది."

"మరి నీ పక్కన అక్క ఉన్నదా లేదా?"

"చీకట్ల నేనేం సూసిన. పిల్లల్ని దాటి ఆమె అటు మూలకు పండుకుంది," అన్నది.

అక్క తన పిల్లల మీద ఒట్టేసింది. నేను ఏం మాట్లాడానో ఆమెకు చెప్పలేదు. ఎట్లా చెప్తాను?

నాయిన ఆ రోజు గిన్నెడు జావ తాగాడు. వారానికి కూర్చున్నాడు. నెలకు గోడ పట్టుకుని నడిచాడు. వనపర్తి తీసుకుపోతే మళ్లీ పరీక్షలన్నీ చేసి, "అంతా నార్మలే," అన్నారు. అదే మాట. ఎందుకు పడ్డాడో తెలియదు, ఎందుకు లేచాడో తెలియదు. అక్క సంతోషంగా తెలకపల్లి వెళ్లిపోయింది. వాడకట్టువాళ్లు తాయెత్తు మహిమ అన్నారు. ఒక ముసలామె మాత్రం "మీ అమ్మనే వచ్చింటది" అన్నది. మా అమ్మ అయితే అట్లా అడిగేది కాదు. ఆమె సంగతి నాకు తెలుసు.

నాకైతే ఒక్కటే అనుమానం. ఆ మాట్లాడింది నాయినే ఏమో అని. చీకట్లో మొహం అటు తిప్పి మాట్లాడితే, గొంతు గోడకు తగిలి అవతలి నుంచి వచ్చినట్టు వినపడిందేమో. అదే నిజమైతే... కన్నతండ్రి మొహం మీదే నేను "చాలు" అన్నాను. నెలల తరబడి ఆయన కళ్లలోకి చూడలేకపోయాను. అన్నం పెట్టేవాణ్ణి, బయటికి పోయేవాణ్ణి.

వానలు పడ్డాక ఒక సాయంత్రం నాయిన నడుచుకుంటూ షాపుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు. గిరాకీ లేదు. ఇక ఆగలేక అడిగేశాను.

"నాయినా, నువ్వు మంచంల ఉన్నప్పటి సంగతులు ఏమన్న యాదికున్నయా?"

"ఏం లేవు," అన్నాడు. చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. "ఒక్క రాత్రి మాత్రం యాదికుంది. కరెంటు లేకుండె. అటొకరు ఇటొకరు కూసొని, నా మీదికెళ్లి మాట్లాడుకుంటుండ్రి. ఇవతల నువ్వు."

నా చేతిలో తీగ చుట్ట అట్లాగే ఉండిపోయింది.

"అవతల ఎవరు నాయినా?"

"అటు మెడ తిప్పనీకె రాలే."

"మరి... ఏమన్నం మేము?"

"నువ్వు చాలన్నవ్."

కోపం లేదు ఆ గొంతులో. వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. నేను తల దించుకున్నాను. "అన్న నాయినా. కాని వెంటనే ఉండనీ అన్న. నేను సూసుకుంట అన్న. అది గూడ ఇన్నవు గదా?"

నాయిన నన్ను అదోలా చూశాడు. పిల్లవాడు లెక్క తప్పు చెప్తే చూస్తారే, అట్లా.

"అది నువ్వనలే బిడ్డా. ఉండనీ, నేను సూసుకుంట అన్నది అవతలోళ్లు. నువ్వు సరే అన్నవ్."

"కాదు నాయినా. నేనే అన్న."

"నీ గొంతు నాకు తెల్వదా?" అన్నాడు. లేచి పంచె దులుపుకున్నాడు. "చీకటైతుంది. షట్టర్ ఎయ్యి, ఇంటికి పోదాం."

ఆయన ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. దారంతా ఆ రాత్రిని మొదటి నుంచి మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. నేనే అన్నాను... "ఉండనీ" అని. నా పెదవులు కదిలినట్టు, గొంతులో ఆ మాట అడ్డం పడినట్టు నాకు గుర్తుంది.

గుర్తుందనే అనుకుంటున్నాను.