మిలిటరీ లారీ డ్రైవర్ ఉసేనన్న

మా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా వీధికి తెల్లారేది దూది ఏకే శబ్దంతోనే... మా గోడ పక్కిల్లు దస్తగిరి మామది. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆయన కూతురు దిల్షాద్, నేను ఏడో తరగతిలో ఒకే బెంచీ. కొడుకు ఉసేనన్న మిలిటరీలో లారీ డ్రైవరు.

మా నాయనేమో ఆర్టీసీలో డ్రైవరు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు మీదుగా పులివెందులకు బండి. మీసాలు రాకముందు నుంచే ఉసేనన్న ఆ బండెక్కి ఇంజను పక్కన కూర్చుని, మా నాయన గేరు మార్చేది చూస్తాండేవాడంట. ఆ పిచ్చే వాణ్ణి మిలిటరీ దాకా తీసకపోయిందనేది మా అమ్మ.

ఒక చలికాలం కబురొచ్చింది... పైన మంచు కొండల్లో కాపలా ఉండేవాళ్లకు బియ్యం, కిరసనాయిలు తీసకపోతాంటే ఉసేనన్న లారీ జారి లోయలో పడిందని.

జెండా కప్పిన పెట్టె వచ్చిననాడు జనం మా వీధిలో పట్టలేదు. ప్రొద్దుటూరు నుంచి కూడా జనం వచ్చినారు. ఖబరస్తాన్‌లో సిపాయిలు తుపాకులు పేల్చిన శబ్దం ఇంటికాడికి వినపడితే దిల్షాద్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది... గోర్లు దిగినాయి.

ఆ తర్వాత దస్తగిరి మామకు కాలు నిలవలేదు. ఏకిన దూదినే మళ్లా ఏకేవాడు. మధ్యలో లేచి, ఉసేనన్న సెలవుకొస్తే దిగే బస్టాండు దాకా పోయి, వచ్చిన బస్సు చూసి తిరిగొచ్చేవాడు. మళ్లా గంటకు మళ్లా...

ఆగస్టు పదిహేనుకు మా బడి గోడకు సున్నం కొట్టించి, దేశం కోసం ప్రాణాలిచ్చిన మన వీరులు అని పేర్లు రాయించినారు. చుట్టుపక్కల ఊర్లవాళ్లవి నాలుగు పేర్లు. దిల్షాద్ పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. ఉసేనన్న పేరు లేదు. పోయి హెడ్మాస్టరును అడిగితే, ఇవి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లమ్మా అన్నాడంట.

నేరుగా నా దగ్గరికొచ్చింది. "నువ్వు చెప్పు మే... మా అన్న లెక్కలోకి రాడా?"

ఊర్లో ఎవరో అన్న మాటే నా నోట్లోంచి వచ్చింది. "లారీ పడి కదా మే పోయింది... యుద్ధంలో కాదు కదా."

దిల్షాద్ సంచీ తీసుకొని పోయి చివరి బెంచీలో కూర్చుంది.

బడిలో ఇచ్చిన చాక్లెట్టు ఇల్లు చేరేలోపల నా పిడికిట్లోనే కరిగిపోయింది. అన్నం సయించలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ ఊరికే తిరిగినాను. దిల్షాద్ వాళ్ల గడప దాకా మూడుసార్లు పోయి, లోపలికి పోలేక వెనక్కొచ్చినాను. ఏంది మే ఆ తిరుగుడు అని అమ్మ కసిరింది.

సాయంత్రం నాయన డ్యూటీ దిగి వచ్చినాక అంతా చెప్పేసినాను. కొడతాడనుకున్నా... కొట్టలేదు. ఖాకీ చొక్కా గుండీలు విప్పుతాన్నవాడు ఆగిపోయినాడు.

"పులివెందుల దావలో వాన పడితేనే నాకు చెమటలు పడతాయి. వాడు మంచు మీద తోలినాడు. ఆ లారీ పోకుంటే పైనుండేవాళ్లు ఏం తిని తుపాకి పట్టుకుంటారు?" అన్నాడు. చొక్కా కొక్కేనికి తగిలిస్తా, నా మొహం చూడకుండా అన్నాడు... "రేప్పొద్దున నేను బండి మీదనే పోతే, ఊరికే పోయినాడంటావా?"

ఆ రాత్రి నాకు నిద్ర యాడొస్తాది...

తెల్లారి నాయన డ్యూటీకి పోయే ముందు ఖాకీ బట్టల్లోనే మా బడికొచ్చినాడు. నేను వరండా స్తంభం చాటున నిలబడినా. గట్టిగా ఒక్క మాట అనలేదు. నాకు చెప్పిందే హెడ్మాస్టరుకూ చెప్పినాడు. ఆయన కళ్లద్దాలు తీసి శానాసేపు తుడుచుకున్నాడు. నాకు తోచలేదప్పా, తప్పు నాదే అన్నాడు. దస్తగిరి మామను పిలిపించి, పెయింటరుకు కబురు పంపించినాడు.

పేరు ముందర వీరజవాన్ అని రాయిద్దామా అని మామను అడిగినాడు.

"పెద్ద మాటలేం వద్దు సార్," అన్నాడు మామ. "డ్రైవర్ ఉసేన్ అని రాయించండి. వాడు ఇష్టపడి నేర్చుకున్న పని అది."

అట్లే రాసినారు. రంగు ఆరేదాకా మామ ఆ గోడ దగ్గరే నిలబడినాడు. ఆ రోజు మాత్రం బస్టాండు దిక్కు పోలేదు.

తప్పయింది మే అని నేను దిల్షాద్‌తో అంటే, సరేలే అంది. వారానికి మళ్లా నా బెంచీకి వచ్చింది. కానీ అంతకుముందు మా అన్న ఇట్ల రాసినాడు, మా అన్న అట్ల అన్నాడు అని పొద్దంతా చెప్పేది... ఆ తర్వాత ఉసేనన్న మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ మాట మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు దిల్షాద్ కువైట్‌లో ఉంది. ఫోన్లో పిల్లల గురించి మాట్లాడుకుంటాం, ఎండల గురించి మాట్లాడుకుంటాం. ఉసేనన్న మాట ఎత్తుదామా వద్దా అని ప్రతిసారీ నోటిదాకా వస్తాది... ఫోన్ పెట్టేస్తాను.

నేనుండేది ప్రొద్దుటూరులో. పోయిన నెల జమ్మలమడుగు పోయినప్పుడు బడికాడ దిగినా. కొత్త బిల్డింగు... శానా బాగుంది. పాత గోడ పడగొట్టి చాలా ఏళ్లయిందంట. పేర్లు ఏమైనాయని అడిగితే, ఏ పేర్లు మేడం అన్నారు.

మొన్న ఫోన్లో ఒక చిన్న వార్త... సైనిక వాహనం లోయలో పడి జవాను మృతి అని. ఒక్క లైను. ఆ పిల్లోడు ఎవరో, ఏ ఊరో కూడా లేదు. ఫోను పక్కన పెట్టి ఇంట్లో అటూ ఇటూ తిరిగినా... ఇంకా తిరుగుతానే ఉండా.

మీ ఊర్లో కూడా ఉంటారు... యుద్ధం రాకుండానే పోయినవాళ్లు. మిలిటరీలో వంట చేస్తూనో, వైర్లు లాగుతూనో, బండి తోలుతూనో పోయినవాళ్లు. రాసిన గోడలే నిలవని కాలమిది... వాళ్ల పేర్లు ఈడ కింద రాయండప్పా, మనమన్నా ఒకసారి పేరు పెట్టి తలుచుకుందాం.