సుశీల అక్క బిందె

ఇవాళ పొద్దున నాచారంలో ఎవరో చెత్త తగలబెట్టారు. కాలే ప్లాస్టిక్ వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు తెలుసు, బిడ్డ పుడితే అమ్మమ్మగారి ఇంటివాళ్లు ఇత్తడి బిందె మీద పేరు కొట్టించి పెట్టేవారు. జ్వరంతో పోయిన మా సుశీల అక్కకు ఫొటో కూడా లేదు. బిందె మీద పేరొక్కటే మిగిలింది.

ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసే మా చిన్నాయన ఆ బిందెను పాత ఇత్తడి కింద అమ్మేసి, నీలం ప్లాస్టిక్ బిందె తెచ్చాడు.

"సొట్ట వడది, చింతపండు వెట్టి తోముడు లేదు. మస్తు అల్కగుంటది, ఒక్క చేత్తోటి లేపొచ్చు వదినా!"

"దాని మీద నా బిడ్డ పేరుండె గదయ్యా!"

"పేరు తాగుతమా, నీళ్లు తాగుతమా?"

చిన్నాయన పోయి ఏళ్లయింది. ఆ మాటను నేనింకా క్షమించలేదు.

ఆ సాయంత్రమే అమ్మ మేకును ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ మీద పేరు రాయడానికి కూర్చుంది. "సుశీ" వరకు వచ్చింది. తర్వాతి అక్షరం దగ్గర బిందెకు చిల్లి పడింది. నీళ్లు నిలవని బిందెను చిన్నాయనే ఉప్పల్ చెత్తకుప్పలో పారేశాడు.

ప్లాస్టిక్ మట్టిలో కలవదని ఎన్నో పుస్తకాల్లో చదివాను. దాన్ని తిడుతూ ఈ పేజీలోనే ఎన్నోసార్లు రాశాను. ఆ ఒక్క బిందె మాత్రం ఎప్పటికీ కలవకూడదని కోరుకుంటాను.