టెస్టర్‌నీ నమ్మని మనిషి

రియాద్‌లో నా దగ్గర పనిచేసిన కడప ఎలక్ట్రీషియన్ ఏ తీగనైనా ముట్టుకునే ముందు, కరెంటున్న సాకెట్లో టెస్టర్ పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసేవాడు. తర్వాత తీగ మీద పెట్టేవాడు. ఆపైన మళ్లీ సాకెట్లో, టెస్టర్ మధ్యలో పాడవలేదని తేల్చుకోడానికి. నాకు విసుగొచ్చేది.

అప్పట్లో కంపెనీ బస్సులో నాలుగైదు వందల ఏళ్ల కిందటి యూరప్ వ్యాసాలు చదివేవాణ్ని. మనిషికి తెలిసింది ఎంత తక్కువో చెప్పే వ్యాసాలు. బస్సు దిగగానే మాత్రం అన్నీ తెలిసిన ఇంజనీరునైపోయేవాణ్ని.

ఒకరోజు పాత ఆఫీసులో బోర్డు విప్పి, "మెయిన్ నేనే ఆపాను, కానియ్ భాయ్" అంటూ తీగ పట్టుకోబోయాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు ఆపినారు సార్, కాదనను. ఆ సంగతి తీగకు తెలుసో లేదో చూడనీండి."

వేరే మెయిన్ మీదున్న పక్కాఫీసు సాకెట్లో టెస్టర్ వెలిగింది. తీగ మీదా వెలిగింది. డ్రాయింగులో లేని ఇంకో లైను నుంచి దానికి కరెంటు వస్తోంది.

బోర్డు దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. "నీకెలా తెలుసు భాయ్?"

"తెలీదు సార్. అందుకే చూసినా."

ఆయన పని మానేసి, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికెళ్లి మూడేళ్లయింది. ఆ వ్యాసాలు ఇప్పటికీ చదువుతుంటాను. పేజీ తిప్పేది ఆయన పట్టి ఆపిన చెయ్యే.