ధనమ్మ పత్తెం

ధనమ్మకు ఎండు నెత్తళ్ళంటే, వేలెడంత ఆ ఎండుచేపలంటే ప్రాణం. పలాస దగ్గర పుట్టి, పెళ్ళయి ఉత్తరాదిన ఉక్కు కర్మాగారం పక్కనున్న బారిడీహ్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, ఇంట్లో నెత్తళ్ళు వేయించిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేది.

ఆయాసం మొదలైన ఏడాది ఆ ముద్దలు ఆగిపోయాయి. ఆపినవాడు భర్త పైడిబాబు. ఎవరికి దగ్గు పట్టినా, దద్దుర్లు లేచినా ముందు కంచంలోంచి చేప, వంకాయ, గోంగూర తీసేయడం వాళ్ళ ఇళ్ళలో అలవాటు. ఆయన ఆ పత్తెం తొమ్మిదేళ్ళు నడిపించాడు. చుట్టాలింట్లో కూడా పక్కనే కూర్చుని ఆమె విస్తరి మీద ఓ కన్నేసి ఉంచేవాడు.

"ఒక్క నెత్తలికే సచ్చిపోతానేటి బావా?"

"సావవు. ఈలేత్తావు. పక్కింటోళ్ళు రైలొచ్చిందనుకుంటారు."

పత్తెంతో పాటు మంచిగాలి కూడా. చలికాలం తెల్లవారగానే శాలువా కప్పి, బూడిద లారీలు తిరిగే పెద్దరోడ్డు వెంట ఆమెను నడిపించేవాడు. ఫర్నేసు దగ్గర బతుకంతా కాంట్రాక్టు పని చేసినవాడికి, చల్లగా తగిలిన గాలల్లా మంచిగాలే.

ఒక జనవరిలో ఆ రోడ్డు మీదే ధనమ్మ కూలబడింది. పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రిలో తేరుకున్న కొన్నాళ్ళకు, డాక్టరమ్మ ఏది పడదో తెలుసుకోవడానికి ఆమె ముంజేతి మీద ఒక్కోదాని రసం చుక్కలు వరసగా వేసి సూదితో గుచ్చింది. పావుగంటకు చూస్తే చేప చుక్క దగ్గర ఏమీ లేదు. వంకాయ దగ్గరా లేదు. ఇంటి దుమ్ము, గడ్డి పుప్పొడి దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు పొంగింది.

"చేపలు ఎవరు మాన్పించారు?" అని హిందీలో అడిగింది డాక్టరమ్మ.

ధనమ్మ నవ్వుతూ భర్త వైపు వేలు చూపించింది.

పొగ, సన్నని ధూళి ఏళ్ళ తరబడి లోపలికి పోతే ఊపిరిగొట్టాల లోపలి పొర దెబ్బతింటుందనీ, అప్పుడు ఒంటిని కాపాడాల్సిన శక్తే తడబడి, ఏ హానీ చేయని పుప్పొడి మీద కూడా విరుచుకుపడవచ్చనీ ఆవిడ చెప్పింది. అంతా పొగ వల్లేనని తేల్చి చెప్పలేమంది. కానీ చలికాలం పొద్దున పొగ పైకి పోదు, నేలనంటుకునే ఉంటుంది. ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీదికి ఎవరు తీసుకెళ్ళారని అడిగింది.

ఈసారి ధనమ్మ వేలు లేవలేదు. పైడిబాబు లెక్క వేసుకున్నాడు. తొమ్మిది చలికాలాలు. చెయ్యి పట్టుకుని మరీ.

తిరుగుదారిలో గోల్‌మురి బజారులో దిగి నెత్తళ్ళు కొన్నాడు. ఆమెను ముందుగదిలో కూర్చోబెట్టి, పొగ తగలకుండా తలుపు వేసి, తానే వేయించాడు. కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

ధనమ్మ ఒక ముద్ద తింది. రెండోది నెమ్మదిగా నమిలింది.

"ఏటే, ఉప్పు సాల్లేదా?"

"ఉప్పు సరిపోయింది బావా. వాసనే తెలవట్లేదు."

"జలుబేమో."

"జలుబు కాదు. నాలుగేళ్ళయింది ముక్కుకి ఏ వాసనా తగిలి. పత్తెం కూటికి వాసనేటని సెప్పలేదు."

ఇల్లంతా వేపుడు ఘుమాయిస్తోంది.

ఆ తర్వాత ఆమె బతికింది పద్నాలుగు నెలలు. వారం వారం ఆయన నెత్తళ్ళు వేయించి, "ఇయ్యాల తెలిసిందేటే?" అని అడిగేవాడు.

"నువ్వే సెప్పు బావా, ఎలాగుందో," అనేది ధనమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.